గుణింతాలు వచ్చా? హంగుల్ మీకు తేలికే!

కె-డ్రామాలు చూసి చూసి నాలుగు కొరియన్ మాటలు నోటికి వచ్చేశాయా? అయితే ఒక్క వారం అక్షరాలకు ఇవ్వండి. మన పెనుకొండ దగ్గర కియా ప్లాంటులో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. కొరియన్ కంపెనీల్లో చేరాలనుకునేవాళ్లకు భాష అదనపు బలం. దానికి తొలి మెట్టు ‘హంగుల్’ లిపి.

సెజాంగ్ రాజు 1443లో దీన్ని రూపొందించి, 1446లో ప్రకటించారు. అప్పట్లో వాడుతున్న చైనా లిపి సామాన్యులకు కొరుకుడు పడేది కాదు. అందుకే తేలిగ్గా వచ్చే లిపి కావాలనుకున్నారు. ప్రాథమిక అక్షరాలు 24. వాటిలో హల్లులు 14, అచ్చులు 10.

బట్టీ పట్టకండి. ‘న’ అని పలికి చూడండి. నాలుక కొస పైకి లేస్తుంది కదా? ఆ ఆకారమే ఇంగ్లిష్ ‘ఎల్’లా ఉండే కొరియన్ ‘న’. దాని పైన అడ్డగీత పెడితే ‘త’, మధ్యలో ఇంకోటి చేరిస్తే ‘థ’. నోటిని గుర్తుచేసే చిన్న చతురస్రం ‘మ’.

ఇక పదాలు. గుణింతంలో లాగే హల్లుకు అచ్చు చేరుతుంది, పక్కనో కిందో. అన్నీ కలిసి ఒక గడిలో ఇమిడిపోతాయి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. ‘హా’ కింద ‘న’ ఉంటే వత్తు అనుకుని ‘హ్నా’ అనేస్తాం. కాదు, అది ‘హాన్’. అడుగున ఉన్న హల్లుని చివర్లో పలకాలి. దీన్ని ‘పాచిమ్’ అంటారు. సున్నా గుర్తు గడి మొదట్లో ఉంటే శబ్దం ఉండదు, అడుగున ఉంటే ముక్కుతో పలికే ‘ఙ్’.

ఇంకో మాట. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో నేర్చుకోవద్దు. అలా చదివే మనం ‘సియోల్’ అంటున్నాం. హంగుల్‌లో అది రెండు గడులు, దాదాపు ‘సొ-ఉల్’.

రెండు రోజులు అచ్చులు, మూడు రోజులు హల్లులు, రెండు రోజులు గడులు. వారం తర్వాత నటుల పేర్లు, పాటల టైటిల్స్ కూడబలుక్కుంటూ చదివేస్తారు. అయితే అక్షరాలొస్తే భాష వచ్చినట్టు కాదు. అప్పుడే రెజ్యూమెలో ‘కొరియన్ వచ్చు’ అని రాశారో, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. టోపిక్ పరీక్షలో 6 లెవెల్స్ ఉన్నాయి. మొదటి రెండూ టోపిక్-1లో, మిగతా నాలుగూ టోపిక్-2లో. ఒక లెవెల్ సాధించి, దాన్నే రాయండి. ఈలోగా మీ పేరుని హంగుల్‌లో రాయడంతో మొదలుపెట్టండి!