మంచులోనూ దాహమేస్తుంది: స్నోబోర్డింగ్‌కు నీళ్ల సంచి ఎంపిక

ఎల్‌ఎఫ్‌సీ బ్లాక్ ముగిసిపోతోందంటే మన ఇళ్లలో ఊటీనా, అండమానా అన్న చర్చ మొదలవుతుంది. మా ఇంట్లో ఈసారి ఆ చర్చకు తావే లేకపోయింది. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కిందటేడాది కాలేజీ బృందంతో ఔలీ వెళ్లి స్నోబోర్డింగ్ మొదటి పాఠాలు నేర్చుకుంది. రెండు కాళ్లనూ ఒకే పలకకు బిగించుకుని, మంచు వాలు మీద పక్కవాటుగా జారే ఆట అది. "నాన్నా, ఈసారి గుల్మార్గ్" అంది. జనవరిలో వెళ్లాం.

బయల్దేరే ముందు నేనో తెలివైన పని చేశాననుకున్నాను. నల్లమలలో ట్రెక్కింగ్ కోసం ఎప్పుడో కొన్న రెండు లీటర్ల నీళ్ల సంచీని తన వీపుకు తగిలించాను. గొండోలా ఎక్కి కొంగ్‌డోరి చేరాం. గంట తర్వాత తను నీళ్లు తాగబోతే గొట్టంలోంచి చుక్క రాలేదు. పట్టుకు చూస్తే గొట్టం కర్రలా బిగుసుకుపోయింది. "కిందికి దిగాక తాగుదువులే" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మధ్యాహ్నానికి తలనొప్పి, వికారంతో తను మంచులోనే కూలబడింది. శిక్షకుడు తన ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్లు తాగించి, వెంటనే గొండోలాలో కిందికి తీసుకొచ్చాడు. "ఈ తలనొప్పి ఎత్తు వల్లనా, నీళ్లు లేకనా అని పైన కూర్చుని ఆలోచించకూడదు సార్. ముందు దిగాలి" అన్నాడు. సాయంత్రానికి అమ్మాయి తేరుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు కిలోల నీళ్లను వీపున మోస్తూ ఒక్క గుక్క తాగలేకపోయింది. మన భాషలో చెప్పాలంటే ఆస్తి ఉంది, లిక్విడిటీ లేదు. అచ్చమైన నిరర్థక ఆస్తి! లోపం కొనుగోలులోనే ఉందని తర్వాత తెలుసుకున్నాను. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

చలిలో నీళ్లెందుకు?

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా రెండో దశ మనల్ని అఫర్వాత్ శిఖరం దగ్గర దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. అంత ఎత్తున గాలి పలచగా, పొడిగా ఉంటుంది. వేగంగా ఊపిరి తీస్తాం, ప్రతి ఊపిరితోనూ తేమ పోతుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం శరీరం లోపలి భాగాలకు చేరుతుంది. మూత్రపిండాలు దాన్ని అదనపు నీరుగా భావించి బయటికి పంపేస్తాయి. జాకెట్ లోపల చెమట పడుతూనే ఉంటుంది. ఇంత నీరు పోతున్నా చలిలో దాహం సరిగా తెలియదు. మంచు తిని సరిపెట్టుకోవచ్చనుకుంటే పొరపాటే. పిడికెడు మంచు కరిగితే గుక్కెడు నీళ్లు కూడా రావు, పైగా ఒళ్లు మరింత చల్లబడుతుంది.

సంచి పుట్టుక

1980ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో, మండుటెండలో జరిగే ఒక సైకిల్ పోటీ కోసం మైకేల్ ఐడ్సన్ అనే అత్యవసర వైద్య సేవకుడు సెలైన్ సంచీలో నీళ్లు నింపి, దాన్ని మేజోడులో పెట్టి, వీపున తగిలించుకున్నాడు. క్యామెల్‌బ్యాక్ సంస్థకు నాంది అదే. ఎండ కోసం పుట్టిన వస్తువు కనుక మంచులో వాడాలంటే దానికి కొన్ని ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. నేను గమనించనిది ఇదే.

కొనేముందు చూడాల్సినవి

*గొట్టం:* సంచీలోని నీళ్లకు వీపు వెచ్చదనం తగులుతుంది. బయట వేలాడే సన్నని గొట్టంలోని కొద్దిపాటి నీళ్లు ముందుగా గడ్డకడతాయి. అందుకే గొట్టానికి చలి ఆపే తొడుగు ఉండాలి. దాన్ని భుజం పట్టీ లోపలే దాచి జిప్ వేసుకునే వీలుంటే ఇంకా మంచిది. కొరికి తాగే మూతికీ తొడుగు ఉండాలి.

*పరిమాణం:* లీటరు నీరు అంటే కిలో బరువు. శిక్షణ వాలుల మీద సగం రోజు గడిపేవారికి లీటరున్నర చాలు. రోజంతా ఉండేవారు రెండు లీటర్లు తీసుకోవచ్చు. మొత్తం బ్యాగు 10 నుంచి 20 లీటర్ల లోపు ఉంటే నీళ్లు, ఒక అదనపు స్వెటర్, గ్లవ్స్, చిక్కీలు పడతాయి. అంతకంటే పెద్దదైతే మలుపు తిరిగేటప్పుడు బరువు పక్కకు లాగుతుంది.

*అమరిక:* బ్యాగు పలచగా, వీపుకు అతుక్కుని ఉండాలి. ఛాతీ పట్టీ, నడుము పట్టీ తప్పనిసరి. దుకాణంలో టీషర్టు మీద కాకుండా దళసరి జాకెట్ వేసుకుని, నీళ్లు నింపి, అటూఇటూ ఊగి చూడండి. గ్లవ్స్ తియ్యకుండానే జిప్‌లు, బకిల్స్ తెరవగలగాలి.

*దృఢత్వం:* స్నోబోర్డింగ్ కొత్తగా నేర్చేవారు వెనక్కి పడటం మామూలే. లోపలి సంచి అతుకు విడిపోతే వీపంతా తడుస్తుంది. ఆ చలిలో తడవడం దాహం కంటే ప్రమాదం. ఇంట్లోనే నీళ్లు నింపి, మూత బిగించి, పైన బరువు పెట్టి కారుతోందేమో చూడండి. వెన్నెముకకు ఆనేలా గట్టి వస్తువులేవీ సర్దకండి.

*రక్షణ పరికరాలు:* సిద్ధం చేసిన వాలులు దాటి వెళ్లేవారికి మంచు చరియల ముప్పు ఉంటుంది. వారి బ్యాగులో పారకూ, మంచులో గుచ్చి వెతికే కడ్డీకీ వేరే అర ఉండాలి. సంకేతాలు పంపే ట్రాన్సీవర్‌ను మాత్రం బ్యాగులో పెట్టకూడదు, ఒంటికే కట్టుకోవాలి. బ్యాగు కొట్టుకుపోయినా మనిషి జాడ తెలియాలి కదా! అయితే పరికరాలుంటే చాలదు. శిక్షణ, స్థానిక గైడు లేకుండా అటు వెళ్లకూడదు.

వాడే పద్ధతి

నీళ్లు గోరువెచ్చగా నింపండి. మరిగే నీళ్లు పోస్తే సంచి పాడవుతుంది. తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది, మిగిలిన నీటిని వెనక్కి పంపండి. అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇదే, పైసా ఖర్చు లేదు. మూతిని జాకెట్ లోపల దాచుకోండి. దాహం కోసం ఎదురుచూడకుండా పావుగంటకో అరగంటకో రెండు గుక్కలు తాగండి. చెయిర్‌లిఫ్ట్ ఎక్కేముందు బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకోండి. వేలాడే పట్టీ కుర్చీకి చిక్కుకుంటే దిగేచోట దిగలేం. విమానాశ్రయ తనిఖీకి ముందు సంచి ఖాళీ చేయడం మరవకండి.

ఇంటికొచ్చాక సంచీని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, తెరిచి ఆరబెట్టాలి. లేకపోతే గొట్టంలో నాచు పడుతుంది. నోరు వెడల్పుగా ఉన్న సంచి అయితే చెయ్యి దూర్చి కడగడం తేలిక.

అందరికీ అవసరమా?

కాదు. గంటసేపు సరదాగా జారి హోటల్‌కు వచ్చేసేవారికి స్టీలు ఫ్లాస్కు చాలు. రోజంతా వాలు మీదుండేవారు కూడా సంచీతోపాటు చిన్న ఫ్లాస్కు ఒకటి ఉంచుకోవాలి. ఒకే వనరు మీద ఆధారపడకూడదని ఖాతాదారులకు చెప్పే మనమే ఆ పాఠం మర్చిపోతే ఎలా? ఆ రోజు మా అమ్మాయిని ఆదుకున్నది అలాంటి ఫ్లాస్కే.

నేను చేసిన తప్పు ఒక్కటే. సంచి మీద రాసిన లీటర్లు చూశాను, అది ఎక్కడ వాడటానికి తయారైందో చూడలేదు. మళ్లీ మంచు కురిసే కాలానికి అమ్మాయి కొత్త సంచి తెచ్చుకుంది. మొన్న ఇంట్లో వీపున తగిలించుకుని, ఒక గుక్క తాగి, గొట్టంలోకి గాలి ఊది చూపించింది. "ఈసారి కిందికి దిగాక తాగమనవుగా నాన్నా?" అంది. అననని మాటిచ్చాను.