కిటుకుతో తెరుచుకునే తాళం

ఇంటి తాళం ఒక్కరోజులో చెడిపోదు. మొదట తాళంచెవి కొంచెం బిగుసుకుంటుంది. కొన్నాళ్ళకు తలుపును తనవైపు లాక్కుని తిప్పవలసి వస్తుంది. మరికొన్నాళ్ళకు లాగడం చాలక, భుజం ఆనించి నెట్టవలసి వస్తుంది. ఈలోగా ఇంటిల్లిపాదీ ఆ కిటుకును నేర్చుకుంటారు. తాళం చెడిపోయిందని మాత్రం ఎవరూ అనరు. "దానికొక కిటుకు ఉన్నది, అంతే" అని సరిపెట్టుకుంటారు. మేమూ అలాగే సరిపెట్టుకున్నాము. ఆ సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదకరమో ఒక వేకువజామున తెలిసివచ్చింది.

కాకినాడ జగన్నాథపురంలోని మా ఇంట్లో ముందుగదికి, వరండాకు మధ్య నిలువెత్తు రెండు రెక్కల తలుపు ఉన్నది. నడుము ఎత్తు వరకు టేకు పలకలు, ఆ పైన అద్దాలు. మా ఇంట్లో అందరూ దీనిని ఫ్రెంచి తలుపు అనే పిలుస్తారు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన యానాం మా ఊరికి ఎంతో దూరం కాదు. అక్కడి ఇళ్ళలో పని నేర్చిన వడ్రంగి చేత మా తాతగారు దీనిని చేయించారని నాన్నగారు చెప్పేవారు. ఇటువంటి తలుపుకు ఫ్రెంచి భాషలో ఉన్న పేరుకు 'తలుపు-కిటికీ' అని అర్థం. కిటికీలా వెలుతురు ఇవ్వాలి, ద్వారంలా దారి ఇవ్వాలి అన్నది దాని ఉద్దేశం. నేడు కొత్త అపార్టుమెంట్లలో బాల్కనీలకు అమర్చుతున్న జంట అద్దాల తలుపులు ఈ కుటుంబానికి చెందినవే.

రెండు సంవత్సరాల క్రితం వానాకాలంలో, ఫజ్ర్ అజాన్‌కు ఇంకా సమయం ఉండగానే, మా అమ్మగారికి ఊపిరాడలేదు. ఆమెకు ఎనభై దాటాయి. అంబులెన్సు వచ్చి వీధిలో నిలిచింది. తాళంచెవి సగం తిరిగి ఆగిపోయింది. లాగాము, నెట్టాము, బిస్మిల్లాహ్ అని మళ్ళీ తిప్పాము. కదలలేదు. వంటింటి వెనుక దారి ఉన్నది గాని, ఆ ఇరుకు సందులో స్ట్రెచరు మలుపు తిరగదు. ఆ తాళం కిటుకు బాగా తెలిసిన మా కోడలు పుట్టింటికి వెళ్ళి ఉన్నది. చివరకు మా అబ్బాయి వెనుక సందు గుండా చుట్టూ తిరిగి వరండాలోకి వచ్చి, తలుపు రెక్కను రెండు చేతులతో పట్టి కాస్త పైకి ఎత్తాడు. లోపల మా చేతిలోని తాళంచెవి ఏ బలమూ లేకుండా తిరిగింది.

అప్పటికి పావుగంట గడిచింది. అల్లాహ్ దయవలన అమ్మగారు కోలుకుని ఇంటికి వచ్చారు. కాని ఆ పావుగంట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ ఆలస్యానికి కారణం దొంగ కాదు, తుఫాను కాదు. నెలల తరబడి చూస్తూ ఊరుకున్న మా అలసత్వమే.

తాళానికి జబ్బు లేదు

కొత్త తాళం కొనాలన్న నిశ్చయంతో మరునాడే తాళాలు బాగుచేసే మిస్త్రీని పిలిచాము. పెద్దాయన వచ్చి తాళాన్ని ముట్టుకోలేదు. తలుపును బార్లా తెరిచి, ఆ తెరిచిన స్థితిలోనే తాళంచెవిని తిప్పి చూపించాడు. వెన్నలో వేలు దూరినట్లు గడియ బయటికి వచ్చింది, లోపలికి పోయింది.

"మౌల్వీ సాబ్, తాళానికి ఏ జబ్బూ లేదు. తలుపు కుంగింది" అన్నాడు.

ఈ ఒక్క పరీక్షను పాఠకులు గుర్తుంచుకుంటే చాలు, సగం ఖర్చు తప్పుతుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు తాళం సులువుగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే బిగిస్తే లోపం తాళంలో లేదు. గడియ ఒకచోట, అది దూరవలసిన రంధ్రం మరొకచోట ఉన్నాయన్నమాట. తెరిచి ఉన్నప్పుడు కూడా బిగిస్తేనే తాళం లోపలి సంగతి చూడాలి.

రెండు రెక్కల తలుపులో ఈ లోపం ఎక్కువగా రావడానికి కారణం ఉన్నది. ఒంటి తలుపు గడియ కదలని ద్వారబంధంలోకి దూరుతుంది. జంట తలుపులో ఒక రెక్క గడియ మరొక రెక్కలోకి దూరుతుంది. ఆ రెండవ రెక్క పైన, కింద ఉన్న నిలువు గడియల బలంతోనే నిలబడి ఉంటుంది. అంటే ఇక్కడ కుంగగల రెక్కలు రెండు, వదులు కాగల గడియలు మూడు. నిలబడవలసిన రెక్క ఊగుతుంటే, కదిలే రెక్కకు ఎంత ఖరీదైన తాళం బిగించినా ప్రయోజనం లేదు.

బాగుచేసే క్రమం

మొదట పై మడతబందును చూడాలి. తలుపు బరువంతా దానిని బయటికి లాగుతూ ఉంటుంది కనుక దాని మరమేకులే ముందుగా వదులవుతాయి. అక్కడ చిన్న సందు ఏర్పడితే చాలు, తాళం ఉన్న అంచు కిందికి జారుతుంది. తలుపు మూసి రెండు రెక్కల పై అంచులు ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూస్తే కుంగుబాటు కంటికే తెలుస్తుంది.

రెక్క కింద చెక్క చీలికను దోపి బరువును దానిమీద నిలపండి. అరిగిన రంధ్రంలోని మరమేకును తీసి, జిగురు పూసిన వెదురు పుల్లలను బిగువుగా దూర్చి, అంచుకు సమంగా కోయండి. ఒకరోజు ఆరనిచ్చి, పాతదానికంటె కొంచెం పొడవైన మరమేకును బిగించండి. లావుపాటిది వాడకూడదు. దాని తల మడతబందు రంధ్రంలో సరిగా కూర్చోదు. మరమేకులన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చుకుంటే రెక్క చోటు తప్పదు. మా తలుపుకు మిస్త్రీ చేసిన చికిత్స ఇంతే. మూడు మరమేకులు, నాలుగు వెదురు పుల్లలు.

తరువాత గడియ దూరే రంధ్రాన్ని పరీక్షించాలి. ఇక్కడ ఉపాధ్యాయులకు అలవాటైన వస్తువే పనికివస్తుంది. గడియ కొసకు సుద్దముక్క రుద్ది, తలుపు మూసి తాళం తిప్పండి. ఎదుటి రేకుమీద ఎక్కడ తెల్లని గుర్తు పడితే అక్కడ గడియ తగులుతున్నదని అర్థం. తేడా వెంట్రుకవాసి అయితే ఆ అంచును ఆకురాయితో కొద్దిగా అరగదీయవచ్చు. కాని మడతబందులు సరిచేయకముందు ఆకురాయి పట్టరాదు. కుంగిన తలుపుకు సరిపోయేలా రంధ్రం పెంచితే, రేపు తలుపును పైకెత్తి సరిచేసినప్పుడు ఆ రంధ్రమే వదులవుతుంది.

ఇక నిలిచే రెక్క. దాని కింది గడియ గడపలోని గుంటలోకి దిగుతుంది. ఇల్లు ఊడ్చిన దుమ్ము, తడిబట్ట పెట్టిన నీరు చేరేది అక్కడికే. గుంట నిండితే గడియ సగమే దిగుతుంది. మనం మాత్రం వేశామనే అనుకుంటాము. పాత పళ్ళ బ్రష్షుతో నెలకొకసారి ఆ గుంటను శుభ్రం చేయడం రెండు నిమిషాల పని. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ సమీపంలో తీరం దాటిన పెనుతుఫానును ఎరిగినవారికి ఈ గడియల విలువ వేరే చెప్పనక్కర లేదు. అటువంటి గాలి జంట తలుపుమీద విరుచుకుపడినప్పుడు నడుమనున్న తాళం ఒక్కటే దానిని ఆపలేదు. పైనా కిందా పూర్తిగా దిగిన గడియలే రెక్కలను నిలబెడతాయి.

వానాకాలంలో మాత్రమే తలుపు బిగుస్తున్నట్లయితే తొందరపడి చిత్రిక పట్టించకూడదు. చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలు రాగానే తగ్గుతుంది. వానలో చెక్కిన తలుపు వేసవిలో వదులై గలగలలాడుతుంది. ఎండిన నెలల్లో తలుపు పై అంచుకు, కింది అంచుకు రంగు గాని వార్నిషు గాని పట్టించడం మేలైన ఉపాయం. ఎవరికీ కనబడవని రంగు వేసేవారు వదిలేసేది ఆ అంచులనే. చెక్క నీరు తాగేదీ అక్కడినుంచే.

కొత్త అపార్టుమెంట్లలోని ప్లాస్టిక్ చట్రాల తలుపులు చాలావాటికి హ్యాండిల్ పైకి ఎత్తగానే పైనా, నడుమా, కిందా గడియలు ఒకేసారి పడతాయి. వాటిలో హ్యాండిల్‌ను పూర్తిగా ఎత్తిన తరువాతే తాళంచెవి తిప్పాలి. బిగుసుకుంటే బలం చూపరాదు. లోపలి పళ్ళచక్రం విరిగితే మొత్తం పట్టీ మార్చవలసి వస్తుంది. ఆ తలుపుల మడతబందులు చాలావరకు మరను తిప్పి రెక్కను ఎత్తడానికి, దించడానికి వీలుగా ఉంటాయి. అక్కడ కూడా ముందు చూడవలసింది తలుపునే.

ఉప్పుగాలి, కొబ్బరినూనె

సముద్రపు గాలిలోని ఉప్పు లోహంమీద చేరి తేమను పీల్చుకుంటుంది. అందుకే మన తీరంలో తుప్పు ముందుగా పడుతుంది. ఇత్తడి సామానుకు ఇనుప మరమేకులు బిగిస్తే ఆ ఇనుము మరింత త్వరగా తినబడుతుంది. ఇత్తడికి ఇత్తడివే వాడాలి. స్టీలు సామాను కొనేటప్పుడు సముద్రతీరానికి 304 రకం కంటె 316 రకం మేలు. దానిలో కలిపే మాలిబ్డినం ఉప్పు దాడిని బాగా తట్టుకుంటుంది. హ్యాండిళ్ళను, గడియలను వారానికొకసారి మంచినీటి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెడితే చాలు.

తాళం బిగియగానే కొబ్బరినూనె చుక్క వేయడం మన ఇళ్ళలో అలవాటు. ఆ రోజుకు తాళం తిరుగుతుంది. తరువాత ఆ జిడ్డు దుమ్మును పట్టి ముద్ద కడుతుంది. తాళంలో సన్నని స్ప్రింగుల మీద నిలిచే పిన్నులు గాని, పొరలు పొరలుగా అమర్చిన లీవర్లు గాని ఉంటాయి. సరైన తాళంచెవి వాటిని సరైన ఎత్తుకు లేపినప్పుడే తాళం తిరుగుతుంది. ఆ ముద్ద వాటిని అంటుకుపోయేలా చేస్తుంది. నూనెకు బదులు మెత్తని పెన్సిలును తాళంచెవి గాళ్ళలో బాగా రుద్ది, నాలుగైదుసార్లు తాళంలోకి దూర్చి తీయండి. పెన్సిలులోని గ్రాఫైటు జిడ్డు లేకుండానే జారుడునిస్తుంది. మడతబందులకు, బయటి గడియలకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, మిగులును తుడిచివేయాలి. గ్రాఫైటును, నూనెను ఒకే తాళంలో కలపకూడదు.

లోపలివారికి దారి

రాత్రివేళ అల్లాహ్ నామం తలచి తలుపులు మూయమని దైవప్రవక్త (సల్లం) బోధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఇది ఉన్నది. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధనను తిర్మిజీ గ్రంథం ఉల్లేఖించింది. తాళం వేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అయితే తలుపు మూసేది లోపలివారి క్షేమం కోసమే. అదే తలుపు లోపలివారిని బంధించరాదు.

అద్దాల తలుపుతో ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. లోపల చేత్తో తిప్పే బొడిపె ఉంటే, అద్దం పగలగొట్టినవాడు చేయి దూర్చి తాళం తీయగలడు. అందుకని చాలామంది రెండువైపులా తాళంచెవితోనే తెరుచుకునే తాళం పెట్టి, రాత్రి తాళంచెవిని బీరువాలో దాచుకుంటారు. మంటలు లేచిన వేళ, లేదా మాకు వచ్చినటువంటి వేళ, పొగలోనో చీకట్లోనో ఆ బీరువాను ఎవరు వెదకుతారు? మధ్యేమార్గం ఒకటే. అద్దం గుండా దూరిన చేతికి అందకుండా, ఇంటివారందరికీ చీకట్లో కూడా అందేలా ఒక స్థిరమైన కొక్కెం పెట్టి, రాత్రి తాళంచెవి ఎప్పుడూ దానికే వేలాడాలి. పిల్లలకు, ముసలివారికి ఆ చోటు తెలిసి ఉండాలి. వారి చేత నెలకొకసారి తాళం తీయించి చూడాలి.

మరో తాళంచెవి నమ్మకమైన పొరుగువారి దగ్గర ఉండడం మంచిది. పొరుగువాడు ఏ మతస్థుడైనా అది అతని దగ్గర అమానతు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆదేశించే అన్నిసా సూరా 58వ ఆయతు, మక్కా విజయ సందర్భంలో కాబా గృహపు తాళంచెవిని ఉస్మాన్ బిన్ తల్హా (రజి)కు తిరిగి అప్పగించిన ఘటనకు సంబంధించినదని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. తాళంచెవికి మన ధర్మంలో ఉన్న గౌరవం అది.

ఇంటిపనిని చిన్నతనంగా భావించేవారికి ఒక మాట. దైవప్రవక్త (సల్లం) తన పాదరక్షలను తానే బాగుచేసుకునేవారని, బట్టలను తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. 1206లో తన యంత్రశాస్త్ర గ్రంథాన్ని పూర్తిచేసిన అల్ జజరీ అనే ముస్లిం శిల్పి, చక్రాల మీది అక్షరాలను కలిపితే తెరుచుకునే తాళాన్ని అందులో వర్ణించాడు. అటువంటివారి వారసులమైన మనము ఒక మరమేకును బిగించడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి నెలా మొదటి శుక్రవారం, జుమాకు స్నానం చేసే ముందు, ఒక స్క్రూడ్రైవరు, ఒక పెన్సిలు, ఒక పాత బ్రష్షు పట్టుకుని ఆ తలుపు దగ్గర కూర్చుంటాము. పది నిమిషాలు పట్టదు. పుట్టింటినుంచి వచ్చిన మా కోడలు మొదటిరోజు అలవాటుగా రెక్కను పైకి ఎత్తబోయి, అవసరం లేదని తెలిసి నవ్వింది. ఇంట్లో ఆ తాళాన్ని ముందుగా తీసేది మాత్రం మా అమ్మగారు. ఫజ్ర్ నమాజు ముగించుకుని, కొక్కెం నుంచి తాళంచెవి అందుకుని, రెండు వేళ్ళతో తిప్పి, గాలి కోసం రెండు రెక్కలనూ తెరుస్తారు.