అరగంట నీది... అరగంట నాది!

కడప, రాజంపేట, రాయచోటి... ఈ వైపు ఏ ఊళ్లో నలుగురు ఆడవాళ్లు కూర్చున్నా కువైట్ మాట రాకుండా ఉండదు. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా వెళితే ఆడవాళ్లు ఎక్కువగా ఇంటిపనికే వెళ్తున్నారు. అప్పు చేసి వీసా తెచ్చుకుంటారు. మెడికల్ చేయించుకుంటారు. ఊరగాయలు, పొడులు మూటగట్టుకుంటారు. ఒక్కటే మరిచిపోతారు... మాట! రేపటినుంచి ఎవరింట్లో పగలూ రాత్రీ ఉండాలో, ఆ ఇంటివాళ్ల భాషలో 'నాకు ఒంట్లో బాగాలేదు' అనడం కూడా రాకుండానే విమానం ఎక్కేస్తారు.

'పోయినాక అదే వస్తాదిలే' అంటారు. వస్తుంది, కాదనం. కానీ వచ్చేలోగా ఆ నెలలు ఎలా గడిచాయో వెళ్లొచ్చినవాళ్లని అడిగి చూడండి. అర్థంకాక నిలబడితే మొండితనం అనుకుంటారు. నొప్పి ఎక్కడో చెప్పలేకపోతే వంక అనుకుంటారు. మాట రానివాళ్ల పక్షాన మాట్లాడేవాళ్లు ఆ ఇంట్లో ఇంకెవరుంటారు?

దీనికి ఇన్‌స్టిట్యూట్లూ, ఫీజులూ అక్కర్లేదు. పంతులమ్మ మీ వీధిలోనే ఉంది. పదేళ్లో పదిహేనేళ్లో కువైట్‌లో చేసి తిరిగొచ్చినామె. అరబీ గడగడా మాట్లాడుతుంది. కానీ ఇలాంటివాళ్లలో తెలుగు చదవడం రానివాళ్లు ఎందరో! తను రెక్కలు ముక్కలు చేసుకుని పంపిన డబ్బు పాసుబుక్కులో ఎంత మిగిలిందో కొడుకో, మరిదో చదివి చెబితేనే ఆమెకు తెలిసేది. వాళ్లు చెప్పిందే లెక్క! వేలిముద్ర వేస్తున్న కాగితం ఇంటి పట్టాదో, అప్పు పత్రమో కూడా ఇంకొకరి నోటిమాట మీదే నమ్మాలి. అటు వెళ్లబోతున్న అమ్మాయి సంగతి చూడండి. ఎనిమిదో తొమ్మిదో చదివింది, రాయడం చదవడం వచ్చు. అరబీ ముక్క రాదు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. వెనకటికి జొన్నలు పోసి కూరగాయలు తీసుకున్నట్టు మార్చుకుంటే సరి. అరగంట అరబీ, అరగంట తెలుగు అక్షరాలు. రూపాయి చేతులు మారదు. ఇద్దరూ గురువులే కాబట్టి ఒకరి ముందు ఒకరు తలదించుకునే పనీ లేదు.

ఇది మనం కనిపెట్టింది కాదు లెండి. యూరప్‌లో 1960-70 దశకాల్లోనే ఫ్రెంచి, జర్మన్ యువతీయువకులు ఇలా జతలుగా నేర్చుకున్నారు. ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ పేరుమీద దీన్ని 'టాండెమ్' అన్నారు. థాయ్‌లాండ్ వెళ్లినవాళ్లు అక్కడివాళ్లకు ఇంగ్లీషు చెబుతూ థాయ్ నేర్చుకునేదీ ఇలాగే. ఆ భాషలో అయిదు స్వరాలు. 'మా' అనే మాటనే ఒకలా అంటే 'రా' అని, ఇంకోలా అంటే 'కుక్క', మరోలా అంటే 'గుర్రం'! అక్కడ పుస్తకం ఏం చేస్తుంది? విని, 'అలా కాదమ్మా, ఇలా' అని దిద్దే మనిషి ఎదురుగా ఉండాలి. అంతెందుకు, మన కడపనే చూడండి. 1820లో ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన సి.పి.బ్రౌన్ దొర తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టుకునే తెలుగులో ఆరితేరాడు. ఆయన జీతాలిచ్చి పెట్టుకోగలిగాడు. మనకు మారకమే గతి!

అరబీకి కూడా మనిషే కావాలని ఎందుకంటున్నామంటే, పుస్తకాల్లో ఉండే అరబీ వేరు, కువైట్ వంటింట్లో వినపడేది వేరు. పుస్తకంలో కోడి 'దజాజ్', కువైట్‌లో 'దియాయ్'. చేప పుస్తకంలో 'సమక్', అక్కడ 'సిమచ్'. 'ఐష్' అంటే ఈజిప్టులో రొట్టె, కువైట్‌లో అన్నం! రమ్మనడానికి మగవాళ్లనైతే 'తఆల్', ఆడవాళ్లనైతే 'తఆలీ'. ఇవన్నీ ఆ ఇళ్లల్లో తిరిగొచ్చిన అక్కకు నాలుక చివర ఉంటాయి. ఎందుకలా అని అడిగితే మాత్రం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. మనం తెలుగు వ్యాకరణం చదివి మాట్లాడుతున్నామా?

ఇంకో సంగతి వింటే ధైర్యం వస్తుంది. జవాబు, తారీఖు, అసలు, నకలు, ఖాళీ, కలం, కుర్చీ... ఇవన్నీ మూలంలో అరబీ మాటలే. ఉర్దూ మీదుగా, కచేరీల మీదుగా మన ఇళ్లలోకొచ్చాయి. బడిలో పలికే 'హాజరు' కూడా అంతే. కువైట్‌లో పని చెబితే 'హాదిర్' అంటారు, 'సరేనమ్మా' అనే అర్థంలో. అంటే మీ అరబీ సున్నాతో మొదలవడం లేదు.

ఇక అక్షరాలు. షాపు బోర్డులూ, మందుసీసాలూ అరబీ లిపిలో ఉంటాయి. ఇక్కడ పక్కింటి ముస్లిం అక్క పనికొస్తుంది. ఖురాన్ చదవడానికి చిన్నప్పుడే ఆ అక్షరాలు నేర్చుకుని ఉంటుంది. 'ఆపా, నాకు ఇవి చూపించవా?' అంటే కాదనదు. కడప, కర్నూలుల్లో ఉర్దూ ఇళ్లూ తెలుగు ఇళ్లూ గోడకు గోడ ఆనుకునే ఉన్నాయి. కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హక్ పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయమే వచ్చింది. 2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష అయింది. అయినా ఎన్నో తెలుగు ఇళ్లలో వచ్చే ఉర్దూ 'నక్కో', 'హౌ'ల దగ్గరే ఆగిపోతుంది! ఆపాకూ అవసరం లేకపోలేదు. పిల్లల తెలుగు వాచకం, ఆసుపత్రి చీటీ, రేషన్ ఆఫీసు నోటీసు... ఇవి ఆమెకు చదివి వినిపించడం కాదు, చదవడం నేర్పాలి. అప్పుడే అది మారకం అవుతుంది.

చాలా జతలు రెండోవారానికే చెదిరిపోతాయి. కారణం ఒక్కటే, కబుర్లు! అరబీ అరగంట కాస్తా తోడికోడలి గొడవల్లో కరిగిపోతుంది. అందుకే గడియారం ఎదురుగా పెట్టుకోండి. అరబీ వంతులో తెలుగు మాట దొర్లకూడదు. వంటింట్లోనే కూర్చుని, వస్తువు చేతిలోకి తీసుకునే పేరు చెప్పించుకోండి. విన్నది విన్నట్టు నోటుబుక్కులో తెలుగు లిపిలో రాసుకోండి. తప్పులు మాటమాటకీ దిద్దొద్దు, ధైర్యం పోతుంది. వంతు అయ్యాక చెప్పండి. తెలుగు వంతులో బాలశిక్ష జోలికి పోకుండా ఆమె పాసుబుక్కే వాచకంగా పెట్టండి. మొదట ఆమె పేరు, తర్వాత అంకెలు, ఆపైన 'జమ', 'ఖర్చు', 'నిల్వ'. తన డబ్బు తాను చదువుకోవడం కంటే పట్టుదల తెప్పించే పాఠం ఉంటుందా?

వెళ్లే అమ్మాయి మాత్రం కష్టమొచ్చినప్పటి మాటలు కంఠతా పట్టాలి. 'అనా తఅబానా' అంటే నాకు బాగాలేదు. 'మా అఫ్హమ్' అంటే అర్థం కాలేదు. 'అబీ మఆషీ' అంటే నా జీతం కావాలి. 'వేన్ జవాజీ?' అంటే నా పాస్‌పోర్టు ఎక్కడ? 'సిఫారా' అంటే రాయబార కార్యాలయం. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. చట్టం ఉన్నంతమాత్రాన అన్ని ఇళ్లలో అమలవుతుందని కాదు. కానీ నోరు తెరిచి అడగడానికి ఆ నాలుగు ముక్కలైనా వచ్చి ఉండాలిగా!

ఈ మాటలు ఊరికే వల్లెవేస్తే అవసరానికి గుర్తుకు రావు. అక్కను యజమానురాలిగా కూర్చోబెట్టి, 'జీతం వచ్చే నెల ఇస్తాలే' అని అరబీలో గద్దించమనండి. మొదట్లో ఇద్దరికీ నవ్వొస్తుంది. నాలుగైదు సార్లు అయ్యాక గొంతు వణకడం తగ్గుతుంది.

వేళంటారా, మధ్యాహ్నం మూడు నుంచి పిల్లలు బడి నుంచి వచ్చేదాకా అనువు. ఆపాతో పాఠమైతే రంజాన్ నెలలో మధ్యాహ్నాలు వద్దు, ఉపవాసంతో నీరసంగా ఉంటుంది. పొద్దున పూట పెట్టుకోండి.