భుజం ఒప్పుకున్న విల్లు

తమిళుల ఆడి నెల ఆదివారాల్లో పెరియపాళయం వెళ్ళినవాళ్ళకు భవానీ అమ్మవారి గుడి ముందు తమిళం ఎంత వినబడుతుందో తెలుగూ దాదాపు అంతే వినబడుతుంది. సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు వేపాకు కట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. పక్కన పారే ఆరణి ఏరు పిచ్చాటూరు జలాశయం మీదుగా వచ్చిందే. అమ్మవారి స్థలపురాణంలోనూ ఆంధ్ర దేశానికి తిరిగి వెళ్తున్న గాజుల శెట్టి ఒకడు ఉన్నాడు. అదే నెలలో కృత్తికకు కావళ్ళు తిరుత్తణి కొండెక్కుతాయి. 1960 ఏప్రిల్ 1న హద్దులు మార్చేదాకా తిరుత్తణి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేది. ఆ కొండమీది సుబ్రహ్మణ్య స్వామి వల్లి కోసం వేటగాడి వేషం కట్టి, విల్లు పట్టుకుని అడవికి వెళ్ళాడని కథ.

మన కథల్లో విల్లులకు కొదవ లేదు. ఒక విల్లు కొని, ముప్పై మీటర్ల దూరంలో ఉన్న కాగితపు చక్రం మీదికి గురి చూసి వేద్దామనుకునే మనిషికి మాత్రం ఏది కొనాలో, ఎలా కొనాలో చెప్పేవాళ్ళు తక్కువ. గురి అద్దాలు, గిలకలు, బరువు కడ్డీలు ఏవీ లేని నిలువెత్తు సంప్రదాయ విల్లు సంగతైతే ఇంకా తక్కువ. ఇంటర్నెట్‌లో బొమ్మ చూసి, సినిమాలో వీరుణ్ణి తలచుకుని, ఎక్కువ పౌండ్లున్నది తెప్పించుకుని, మూడు నెలలకు భుజం నొప్పితో దాన్ని అటక మీదికి చేర్చేవాళ్ళే ఎక్కువ.

ముందు ఒక నిజం చెప్పాలి. ఒలింపిక్స్ కల ఉంటే ఈ విల్లు జోలికి రాకండి. అక్కడ దశాబ్దాలుగా రికర్వ్ విల్లుకే, అంటే కొసలు ముందుకు వంగిన విల్లుకే చోటు. 2028 లాస్ ఏంజిలిస్ నుంచి గిలకలుండే కాంపౌండ్ విల్లుకు మిశ్రమ జట్ల పోటీ చేరుతోంది. ఆ దారి పట్టాలంటే విజయవాడ రైలెక్కడం మేలు. రోడ్డు ప్రమాదంలో 2010లో చనిపోయిన విలువిద్య కోచ్ చెరుకూరి లెనిన్ కుటుంబం నడిపిన ఓల్గా ఆర్చరీ అకాడమీ ఉన్న ఊరది. కాంపౌండ్ విల్లుతో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖది ఆ ఊరే. పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్ళిన బొమ్మదేవర ధీరజ్‌దీ ఆ ఊరే.

సంప్రదాయ విల్లుకూ పోటీలు లేకపోలేదు. ప్రపంచ ఆర్చరీ సంఘం అడవుల్లో జంతువుల బొమ్మల మీద గురి చూసే 3డి పోటీల్లో లాంగ్‌బోకు, అంటే ఈ నిలువెత్తు విల్లుకు, ప్రత్యేక విభాగం పెట్టింది, బాణాలు కచ్చితంగా చెక్కవే ఉండాలి. మన దేశంలో అంతకంటే దగ్గరిది, నా దృష్టిలో అంతకంటే విలువైనది, ఇండియన్ రౌండ్. వెదురు విల్లుతో 50 మీటర్లు, 30 మీటర్ల దూరాల నుంచి వేసే జాతీయ స్థాయి పోటీ ఇది. జార్ఖండ్ పల్లెల్లో, రాజస్థాన్ భిల్లుల ఊళ్ళలో పిల్లల చేతికి మొదట అందే విల్లు వెదురుదే. ఒలింపిక్స్ దాకా వెళ్ళిన లింబారామ్ అలా మొదలైనవాడే. మరో ఒలింపిక్ విలుకత్తె దీపికా కుమారి రాళ్ళతో మామిడికాయలు కొడుతూ, వెదురు విల్లుతో సాధన చేస్తూ పెరిగిందే. విదేశీ చెక్క విల్లు కోసం అప్పు చేయబోయేవాళ్ళు ఈ వరుసలో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకోవాలి.

నిలువెత్తు విల్లంటే ఇంగ్లండే గుర్తుకు రావడం చరిత్ర పుస్తకాల పుణ్యం. అలెగ్జాండర్ వెంట వచ్చిన నియార్కస్ మన విలుకాళ్ళను చూసి రాసిన సంగతుల్ని గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ భద్రపరిచాడు. విల్లు మనిషంత ఎత్తు, ఒక కొస నేలకు ఆన్చి ఎడమకాలితో అదిమి నారి లాగుతారు అన్నది దాని సారం. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి సేన అలెగ్జాండర్‌తో తలపడిన రోజు వాన కురిసి నేల జారడంతో విల్లు ఆన్చడం కుదరలేదని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ రాశాడు. నల్లమల చెంచుల చేతిలో విల్లు నిన్నమొన్నటి దాకా తిండి సంపాదించే పనిముట్టు. ఇప్పటికీ అహోబిలం పార్వేట ఉత్సవంలో వాళ్ళు తమ అల్లుడైన నరసింహస్వామి పల్లకీకి బాణం వేస్తారు. ఇంత ఉన్నా మనకు లాంగ్‌బో పరాయిదిగా కనబడటం విచిత్రం.

సరే, కొనే సంగతికి వద్దాం. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాల్సింది పౌండ్ల గురించి.

విల్లు మీద 40@28 అని రాసి ఉంటుంది. నారిని 28 అంగుళాలు లాగినప్పుడు వేళ్ళ మీద పడే బరువు 40 పౌండ్లు అని దానర్థం. మీరు 28 అంగుళాలు లాగుతారా? రెండు చేతులూ బార చాపి, ఒక మధ్యవేలి కొస నుంచి రెండో మధ్యవేలి కొసకు కొలిచి, ఆ సంఖ్యను రెండున్నరతో భాగిస్తే మీ లాగుడు పొడవు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 63 అంగుళాల బార ఉన్న మనిషికి అది సుమారు 25 అంగుళాలే. మన ఆడవాళ్ళలో, ఆ మాటకొస్తే మగవాళ్ళలోనూ చాలామంది 28కి చేరరు. ఒక్కో అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తేడా వస్తుంది కాబట్టి ఆ 40 పౌండ్ల విల్లు ఈ మనిషి చేతిలో 34కు దగ్గరగా ఉంటుంది. చేతులు పొడుగున్నవాడికి అదే విల్లు 44 కావచ్చు. దుకాణదారు చెప్పే అంకె మీ అంకె కాదు.

ముప్పై పౌండ్లంటే పదమూడున్నర కిలోలు, పాతిక కిలోల బియ్యం బస్తాలో సగానికి పైన. ఒకసారి లాగడం ఎవరికైనా సాధ్యమే. పోటీలో 72 బాణాలు వేయాల్సి ఉందనుకోండి, మొత్తం లాగిన బరువు టన్నుకు కాస్త తక్కువ. విల్లు 45 పౌండ్లదైతే దాదాపు టన్నున్నర. అరవయ్యో బాణం దగ్గర చెయ్యి వణుకుతుంటే ఏ గురువు చెప్పిన పాఠమూ గుర్తుండదు. భుజం ముందుకు తోసుకొస్తుంది, తల నారి దగ్గరికి వంగుతుంది, వేళ్ళు ముందే జారతాయి. ఒకసారి ఒంటికి పట్టిన ఆ తప్పులు పోవాలంటే నేర్చుకున్నదానికి రెట్టింపు కాలం పడుతుంది. మొదటిసారి పట్టే ఆడవాళ్ళకు 20 నుంచి 24, మగవాళ్ళకు 24 నుంచి 28 పౌండ్లు చాలు, అదీ మీ సొంత లాగుడు పొడవు దగ్గర కొలిచి. ఇంత తేలికైన విల్లుతో బాణాలు 30 మీటర్లు చేరవా అని అడుగుతారు. చేరతాయి, కాస్త ఎత్తి వేయాలి అంతే.

ఇది వినగానే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌక 1545లో మునిగిపోయింది. 1982లో పైకి తీసిన ఆ నౌకలో 170కి పైగా విల్లులు దొరికాయి. వాటి లాగుడు బరువు వంద పౌండ్ల నుంచి 180 దాకా ఉంటుందని లెక్కగట్టారు. నిజమే, కానీ ఆ విలుకాళ్ళు చిన్నప్పటి నుంచి అదే పనిగా పెరిగినవాళ్ళు. నౌకలో దొరికిన అస్థిపంజరాల్లో భుజపుటెముకలు మామూలుగా అతుక్కోకుండా ఉండిపోయినవి ఎక్కువే. వాళ్ళ పని సేన మీదికి బాణాలు కురిపించడం. మన పని అరచేతంత పసుపు వృత్తంలో బాణం దించడం. నౌక మునిగిన ఏడాదే రోజర్ ఆస్కమ్ ఇంగ్లిష్‌లో విలువిద్య మీద మొదటి పుస్తకం ‘టాక్సోఫిలస్’ అచ్చు వేశాడు. అందులో ఆయన విద్యను ఐదు పనులుగా విడదీశాడు. నిలబడటం, బాణం సంధించడం, లాగడం, పట్టి నిలపడం, వదలడం. నాలుగోది చేయలేని బరువు ఎంత గొప్పదైనా గురిపోటీకి పనికిరాదు.

పొడవు సంగతి తేలిక. గురిపోటీకి పొడుగు విల్లే మంచిది. పొట్టి విల్లు వేగంగా ఉంటుంది, అడవిలో తిరగడానికి హాయిగా ఉంటుంది. కానీ చివరి అంగుళాల్లో బరువు ఒక్కసారిగా పెరిగి, నారి వేళ్ళను నొక్కేస్తుంది. 26 అంగుళాలలోపు లాగేవాళ్ళకు 66 అంగుళాల విల్లు, ఆపైన లాగేవాళ్ళకు 68 లేదా 70.

చెక్క విషయానికి వస్తే మూడు రకాలు ఎదురవుతాయి. ఒకే చెక్కతో చెక్కినది ఒకటి. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ వాడేకొద్దీ కొంత వంపు శాశ్వతంగా నిలిచిపోతుంది, తేమకు నీరసపడుతుంది. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్కను అతికించినది రెండోది. నిలకడైనది, ఖరీదైనది. మూడోది వెదురు. వెదురు పైతొక్క సాగుడును అద్భుతంగా ఓర్చుకుంటుంది, అందుకే ఆ తొక్క గురి వైపుకు ఉండేలా విల్లు కడతారు. కణుపుల దగ్గర ఆ తొక్కను నున్నగా గీకేసి, రంగు పూసి మెరిపించిన విల్లు కనబడితే మెచ్చుకోకండి. విరిగేది అక్కడే. ఇండియన్ రౌండ్ విల్లుల్లో చాలావాటికి మధ్యలో చెక్క పిడి, రెండు వైపులా వెదురు రెక్కలు ఉంటాయి. కొన్నింటిని విడదీసి సంచిలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. ఊరు దాటి సాధనకు వెళ్ళేవాళ్ళకు ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు.

దుకాణంలో చేయాల్సిన పరీక్ష ఐదు నిమిషాలదే. నారి ఎక్కించమని అడగండి. కింది కొస దగ్గర కన్ను పెట్టి చూస్తే నారి విల్లు నడిమధ్యగా వెళ్ళాలి. పక్కకు తప్పితే రెక్క మెలి తిరిగిందన్నమాట. రెండు రెక్కలూ ఒకే తీరున వంగుతున్నాయా, ఎక్కడైనా మడత పడ్డట్టు ఉందా చూడండి. కడుపు వైపు, అంటే మీకు ఎదురుగా ఉండే వైపు, సన్నని అడ్డగీతలు ఉంటే ఆ చెక్క ఇప్పటికే నలిగిపోయింది. పిడి నుంచి నారికి ఎంత దూరం ఉండాలన్నదానికి పాత లెక్క ఒకటుంది. పిడికిలి బిగించి బొటనవేలు నిలబెడితే ఎంతో అంత, ఆరేడు అంగుళాలు. చెక్క విల్లుకు డాక్రాన్ నారే వేయించండి. సాగని కొత్తరకం నారి బాణానికి వేగమిస్తుంది, విల్లు కొసల్ని చీలుస్తుంది. ఎవరు అడిగినా బాణం లేకుండా నారి లాగి వదలకండి, స్నేహితుల్నీ వదలనివ్వకండి. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా చెక్కలోకే తిరిగి వస్తుంది. శివధనుస్సు విరిచినవాడికి సీత దక్కింది గానీ, మైదానంలో విల్లు విరిస్తే దక్కేది కొత్తదాని బిల్లే.

విల్లుకు పెట్టినంత ఆలోచనా బాణాలకూ పెట్టాలి. అసలు గురి కుదరకపోవడానికి సగం కారణం బాణాలే. చెక్క విల్లులో పిడి అడ్డంగా ఉంటుంది కాబట్టి బాణం నేరుగా పోలేదు. వదిలిన క్షణంలో అటూ ఇటూ వంగుతూ పిడిని చుట్టుకుని దారిలో పడుతుంది. 1930ల్లో హైస్పీడ్ కెమెరాలు ఈ సంగతిని కళ్ళకు కట్టించాయి. మరీ బిరుసు బాణమైతే కుడిచేతి వాటం వాడికి ఎడమకు పోతుంది, మరీ మెత్తనిదైతే కుడికి. ఖరీదైన విల్లు, తీరుకొక బాణం ఉన్నవాడికంటే చవక విల్లు, ఒకే బరువు, ఒకే బిరుసు ఉన్న డజను బాణాలు ఉన్నవాడు ముందుంటాడు. ముప్పై పౌండ్ల విల్లుకు బాణం 18 గ్రాములకు తగ్గకూడదు. తేలిక బాణం విల్లును దాదాపు ఒట్టి నారి వదిలినట్టే దెబ్బతీస్తుంది.

మన వాతావరణం గురించి విదేశీ పుస్తకాలు చెప్పవు. వేసవిలో తమిళనాట 40 డిగ్రీలు దాటే ఊళ్ళ వార్తల్లో తిరుత్తణి పేరు తప్పకుండా ఉంటుంది. ఆ ఎండలో తలుపులు మూసిన కారులో విల్లు వదిలితే అతుకుల జిగురు వదిలిపోవచ్చు. ఐప్పసి, కార్తీక వానల్లో గాలి తేమకు చెక్క విల్లు రెండు మూడు పౌండ్లు బరువు కోల్పోయినా ఆశ్చర్యం లేదు. బాణాలు కిందకు పడుతున్నాయని మీ మీద అనుమానపడకండి. నారి దించి, గోడకు ఆన్చకుండా, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి, నీడలో ఉంచండి.

సాధన ఎక్కడ అంటారా? కోతలైన పొలాల్లో యంత్రం చుట్టిన గడ్డి కట్టలు దొరుకుతాయి. గట్టిగా పేర్చి కడితే తేలిక విల్లు బాణాలను బాగానే ఆపుతాయి. వెనక మట్టికట్టో గుట్టో ఉండాలి, దారి ఉండకూడదు. పిట్టల మీద, కుందేళ్ళ మీద ఎక్కుపెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అది సరదా కాదని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

నా తీర్పు అడిగితే ఇదీ. మొదటి విల్లు వెదురుది, 66 అంగుళాలకు తగ్గనిది, మీ లాగుడు పొడవు దగ్గర 28 పౌండ్లు దాటనిది. మిగిలిన డబ్బు బాణాలకూ, చేతి తొడుగుకూ, నేర్పేవారికీ పెట్టండి. ఏడాది తర్వాత బరువు పెంచాలనిపిస్తే అప్పుడు పెంచుకోవచ్చు. కొనేముందు విల్లును పూర్తిగా లాగి, నారి దవడకు ఆన్చి, పది లెక్కపెట్టేదాకా నిలపండి. అలా మూడుసార్లు చేసినా బాణం మొన వణకకపోతే అది మీ విల్లు. ఆ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి.