స్లాబ్ కారకముందే చెబుతుంది.. వానలకు ముందు డాబా మీద చూడాల్సినవి ఇవే!

వరంగల్: ఎండాకాలమంతా డాబా గురించి ఎవరూ పట్టించుకోరు. బట్టలు ఆరేయడానికి, వడియాలు పెట్టడానికి, రాత్రిపూట కాసేపు గాలికి కూర్చోవడానికి తప్ప పైకి ఎక్కరు. జూన్‌లో నాలుగు గట్టి వానలు పడగానే సీన్ మారిపోతుంది. హాల్లో బకెట్, బెడ్‌రూమ్‌లో గిన్నె! అప్పుడు మేస్త్రీకి ఫోన్ చేస్తే "వానలు తగ్గాక చూద్దాం" అంటాడు. అందులో అతని తప్పేమీ లేదు. తడిసిన స్లాబ్ మీద తారు పట్టదు. అందుకే ఈ పని మే నెలలోనే చూసుకోవాలి.

ఓరుగల్లు వాసులకు వానల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అవే వానలకు వరంగల్‌లో హంటర్ రోడ్, ఎన్టీఆర్ నగర్ లాంటి ప్రాంతాలు నీట మునిగాయి. వీధిలోకి వచ్చే వరదను ఒక్క ఇంటివాళ్లు ఆపలేరు. కానీ పైనుంచి కారే నీటిని మాత్రం ఆపొచ్చు. స్లాబ్ ముందే ఇచ్చే సిగ్నల్స్‌ను గుర్తుపడితే చాలు.

ముందు పైకి ఎక్కి చూడండి

చదునుగా ఉండే డాబాకు అసలు శత్రువు నిలిచిపోయే నీరే. వాన వెలిసి రెండు రోజులైనా ఎక్కడైనా మడుగు అలాగే ఉంటే అక్కడ వాలు సరిగ్గా లేదని అర్థం. ఎండాకాలంలో చూస్తున్నారా? పాత మడుగులు ఉన్నచోట గుండ్రటి మట్టి మరకలు, ఎండిపోయిన పాచి కనిపిస్తాయి. వంద చదరపు అడుగుల జాగాలో అంగుళం లోతు నీళ్లు నిలిస్తే ఆ బరువే దాదాపు 235 కిలోలు.

తారు పూత లేదా తారు షీట్ వేయించిన ఇళ్లలో ఇంకొన్ని చూడాలి. మన దగ్గర మే ఎండలకు తారులోని జిగురు తగ్గిపోతుంది. నల్లగా ఉండాల్సింది బూడిద రంగుకు మారుతుంది. మొసలి చర్మంలా సన్నటి గీతలు పడతాయి. కాలితో నొక్కితే మెత్తగా ఉండే ఉబ్బులు కూడా వస్తాయి. కింద చిక్కుకున్న తేమ ఎండకు ఆవిరై షీట్‌ను పైకి నెట్టడం వల్లే ఇలా అవుతుంది. రెండు షీట్లు కలిసే చోట అంచు లేచిందంటే నీళ్లకు దారి దొరికినట్టే.

పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలను అస్సలు వదలొద్దు. చాలా ఇళ్లలో లీకేజీ మొదలయ్యేది అక్కడే. నీళ్లు పోయే పైపు నోరు, ట్యాంక్ దిమ్మెలు, డిష్ యాంటెన్నా కోసం కొట్టిన బోల్టుల చుట్టూ కూడా చూడాలి. పగుళ్లలో రావి మొక్క మొలిచిందంటే తేమ అక్కడ చాన్నాళ్లుగా ఉన్నట్టే. దాన్ని పైపైన పీకేస్తే వేరు లోపలే ఉండిపోయి మళ్లీ చిగురిస్తుంది.

ఇప్పుడు కిందికి దిగి సీలింగ్ చూడండి

గోధుమ రంగు మరకలు, ఉబ్బిన పెయింట్, ఉప్పులాంటి తెల్లటి పొడి.. ఈ మూడూ నీరు స్లాబ్‌లోకి దిగిందనడానికి గుర్తులే. అయితే ఒక్క విషయం గమనించాలి. వాన పడ్డాకే మరక పెరుగుతుంటే సమస్య డాబా మీద ఉంది. నడి ఎండాకాలంలోనూ చెమ్మ ఆరకపోతే పైపులైనో, ట్యాంకో, పై అంతస్తు బాత్‌రూమో కారణం కావొచ్చు. ఇది తేల్చుకోకుండా తారు వేయిస్తే డబ్బులు దండగ.

డేంజర్ సిగ్నల్ ఏది?

సీలింగ్ పెచ్చులు ఊడిపోయి ఇనుప చువ్వలు బయటపడితే అది తారుతో తీరే సమస్య కాదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, మామూలు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపల్నుంచి కాంక్రీట్‌ను పగలగొట్టి బయటికి నెడుతుంది. చువ్వ సన్నబడేకొద్దీ స్లాబ్ బలం తగ్గుతుంది. చువ్వల వెంబడి తిన్నగా సాగే పగుళ్లు, తుప్పు మరకలు, మధ్యలో కిందికి వంగిన స్లాబ్.. వీటిలో ఏది కనిపించినా ఆ గదిలో పడుకోవడం మానేసి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించాలి. 2022 జులై వానలకు వరంగల్ మండిబజార్‌లో పాత భవనం కూలి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడాల్లో ఉండేవాళ్లు దీన్ని మర్చిపోకూడదు.

పొరపై పొర వేస్తే పోతుందా?

ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. లీకైన ప్రతిసారీ పైన ఇంకో పొర సిమెంట్ వేయించేస్తారు. వంద చదరపు అడుగుల్లో అంగుళం మందం సిమెంట్ మాల్ వేస్తే దాదాపు అర టన్ను బరువు పెరుగుతుంది. ఇప్పటికే బలహీనపడిన స్లాబ్ మీద ఈ భారం మంచిది కాదు. ఉబ్బిన తారు మీద కొత్త తారు పూసినా లాభం ఉండదు. ఊడిన భాగాన్ని కోసేయాలి, కింద పూర్తిగా ఆరనివ్వాలి, పగుళ్లు పూడ్చాలి, వాలు సరిచేయాలి. ఆ తర్వాతే కొత్త షీట్. ఉబ్బులు, చిరుగులు ఒకటి రెండు చోట్లే ఉంటే అతుకు సరిపోతుంది. డాబా అంతటా ఉంటే మొత్తం తీసి వేయించుకోవడమే నయం.

పని అయ్యాక మేస్త్రీ మాటతోనే సరిపెట్టుకోవద్దు. నీళ్లు పోయే పైపు మూసి, రెండంగుళాల లోతు నీళ్లు ఒక రోజంతా నిలపండి. కింద చెమ్మ రాకపోతే పని సరిగ్గా జరిగినట్టే. చువ్వలు బయటపడిన స్లాబ్ మీద మాత్రం ఈ టెస్ట్ చేయొద్దు.

వాన మధ్యలో కారితే?

ఫ్యాన్, లైట్ పాయింట్ దగ్గర నీళ్లు కారుతుంటే స్విచ్ ముట్టుకోకుండా మెయిన్ ఆఫ్ చేయాలి. వాన తెరిపిచ్చాక పైకి వెళ్లి పైపు నోట్లో చేరిన ఆకులు, చెత్త తీసేయాలి. చాలాసార్లు సగం నీళ్లు దాంతోనే పోతాయి. కారే చోట టార్పాలిన్ కప్పి, వానలు తగ్గాక రిపేర్ మొదలుపెట్టాలి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి డాబా మీద పది నిమిషాలు తిరిగి చూస్తే.. హాల్లో బకెట్ పెట్టే అవసరం చాలావరకు ఉండదు.