యోగి అనే క్యాచర్

క్రికెట్‌లో వికెట్ కీపర్ మీకు తెలుసు. అమెరికావారి బేస్‌బాల్‌లో ఆ చోట ఉండేవాడు క్యాచర్. బ్యాట్స్‌మన్ వెనక గొంతుకూర్చుని, ముఖానికి ఇనుప తొడుగు వేసుకుని, ఏ బంతి విసరాలో వేళ్ల సైగలతో చెబుతాడు. దెబ్బలు అతనివి, చప్పట్లు ఎక్కువగా ఇతరులవి.

అటువంటివారిలో పేరుమోసినవాడు యోగి బెర్రా. 1925లో సెయింట్ లూయిస్‌లో, ఇటలీ నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టాడు. అసలు పేరు లారెన్స్. మన దేశం గురించిన సినిమాలో యోగిని చూసిన స్నేహితుడొకడు, బాసింపట్టు వేసుకుని కూర్చునే ఇతనికి ఆ పేరు పెట్టాడట! ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. మనిషి పొట్టి. సొంత ఊరి జట్టు కార్డినల్స్, ఇతని మిత్రుడు గరజోలాకు 500 డాలర్లు ఇచ్చింది. ఇతనికి మాత్రం అంత ఇవ్వనంది. న్యూయార్క్ యాంకీస్ ఇచ్చింది.

అయినా మొదట్లో అతని క్యాచింగ్ అంతంతమాత్రమే. 1949లో పాత క్యాచర్ బిల్ డికీ దగ్గరుండి ఓనమాల నుంచి నేర్పాడు. ఆ తరువాత 1951, 1954, 1955లలో బెర్రా తన లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. యాంకీస్ ఆటగాడిగా పది వరల్డ్ సిరీస్ విజయాల్లో పాలుపంచుకున్నాడు. 2015లో కన్నుమూశాడు.

మీ ఊరి మైదానంలో పొట్టివాడని పక్కన నిలబెట్టిన కుర్రవాడు ఉంటే, ముందు నేర్పి చూడండి. తీర్పు తరువాత చెప్పవచ్చు.