పాముకాటు మందు, కీళ్లవాతపు మందు

పరిగి, తాండూరు ప్రాంతముల కందిచేలలో, పత్తిచేలలో పనిచేయువారికి పాముభయము క్రొత్త కాదు. కాటుపడిన మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చినచో వైద్యుడు ఎక్కించు మందు గుఱ్ఱపు రక్తమునుండి వచ్చినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగు పాముల విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱమునకు ఎక్కింతురు. ఆ విషమును పట్టి అణచు ప్రతిరక్షకములు, అనగా యాంటీబాడీలు, దాని రక్తమున పుట్టును. హైదరాబాదుకు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేయు సంస్థలలో ఒకటి.

అయితే ఆ సీసాలో నుండునది సంపూర్ణ ప్రతిరక్షకము కాదు. ప్రతిరక్షకము పంగలకఱ్ఱవలె నుండును. పై రెండు పంగలు శత్రువును పట్టుకొనును; క్రింది కాడ తక్కిన రక్షణబలగమును పిలుచును. గుఱ్ఱపు కాడ మన దేహమునకు పరాయిది. దానివలన వికటించు అవకాశము హెచ్చు. కావున పెప్సిన్ అను జీర్ణరసముతో కాడను తొలగించి, పంగలను నిలుపుదురు. ప్రతిరక్షకమును ఇట్లు ఖండించి దాని నిర్మాణమును తెలిసికొనుటకు బాటవేసినవారిలో రాడ్నీ పోర్టర్ ముఖ్యుడు. ఆయన వాడినది బొప్పాయిపాలలోని పపెయిన్. 1972లో ఆయనకును, జెరాల్డ్ ఎడెల్మన్‌కును నోబెల్ బహుమానము లభించినది.

ఇక శత్రువు బయటినుండి రాక, దేహరక్షణబలగమే సొంతకీళ్లపై దండెత్తినచో? అదియే రుమటాయిడ్ కీళ్లవాతము. వయసుతో వచ్చు మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. ఇది స్త్రీలలో హెచ్చు. పిల్లలను కనవలసిన వయసులోనే రావచ్చును. ఈ మంటను ఎగదోయు పదార్థములలో టి.ఎన్.ఎఫ్. ప్రధానమైనది. దానిని పట్టి అణచు ప్రతిరక్షకమును 1992లో లండనులో రవీందర్ మైని, మార్క్ ఫెల్డ్‌మన్ బృందము రోగులకిచ్చి మేలు గమనించినది.

ఈ వ్యాధికి మొదట వాడు మందు నేటికిని సాధారణముగా మెథోట్రెక్సేటే. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన ఔషధమది. కాని గర్భిణులకు అది నిషిద్ధము. ఇచటనే ఖండించిన ప్రతిరక్షకము అక్కఱకు వచ్చును. 2009లో అమెరికాలో ఈ వ్యాధికి అనుమతి పొందిన సెర్టొలిజుమాబ్‌లో కాడ లేదు, ఉన్నది ఒక్క పంగయే. దీనిని సూక్ష్మజీవులచేత తయారుచేయింతురు. తల్లి ప్రతిరక్షకములు మాయను దాటి శిశువును చేరుటకు ఆ కాడయే ఆధారము. అది లేని మందు బిడ్డను చేరుట అత్యల్పము.

ఒక హెచ్చరిక కలదు. దేహమున నిద్రాణమైన క్షయను అణచియుంచు కావలివారిలో టి.ఎన్.ఎఫ్. ఒకటి. కావలిని తొలగించినచో క్షయ మేల్కొనవచ్చును. కావున ఇట్టి మందులకు ముందు క్షయపరీక్ష తప్పనిసరి.

వ్రేళ్ల కణుపులు వాచి, ప్రొద్దుట గంటకు మించి బిగుసుకొనుట కొన్ని వారములు సాగినచో, నొప్పిమాత్రలతో కాలము గడపక వైద్యుని చూడుడు. వంకరపోయిన కీలును తిరిగి నిలుపుట కష్టము. వంకరపోకుండ ఆపుట నేడు సాధ్యము.